కోయి కొలను మీద నేను రాసిన రిపోర్టు

ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో మేముండే అపార్టుమెంట్ల సొసైటీకి ఒక కొలను ఉంది. దాన్ని కొలను అని మొదట పిలిచింది మా బిల్డరు. చూడబోతే అది రెండు టవర్ల మధ్య, క్లబ్‌హౌస్ ఎదురుగా, చుట్టూ నల్లరాయి అంచు కట్టిన పెద్ద సిమెంటు తొట్టి. అందులో ఎరుపు, తెలుపు, నారింజ మచ్చల కోయి చేపలు ముప్ఫై దాకా ఉండేవి. ఫ్లాటు కొనేటప్పుడు మమ్మల్ని ఆ తొట్టి పక్కన నిలబెట్టి "లేక్ వ్యూ" అన్నారు. మేమూ తలూపాం. ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు బిందెల నీళ్లు ఒకచోట కనబడితే ఎవరైనా తలూపుతారు.

ఆ తొట్టిలో నీళ్లు పరీక్షించే పెద్దమనిషిగా నేను కొన్ని నెలలు వెలిగాను. ఆ వెలుగులో ఒక రిపోర్టు రాశాను. ఆ రిపోర్టు పుణ్యమా అని మా మాలీ ఉద్యోగం పోయేంత పనైంది. ఇప్పుడు ఇది రాస్తున్నది గొప్ప చెప్పుకోవడానికి కాదని ముందే తేల్చేస్తే మంచిది.

నాకు ఆ పదవి రావడానికి కారణం మా ఆవిడ. నేను ఎప్పుడో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ తర్వాత దాని ముఖం చూడలేదు. సాకేత్‌లో ఒక ఆఫీసులో కూర్చుని టెండరు కాగితాల్లో ఏ పేజీ మీద ఎవరు సంతకం మరిచిపోయారో వెతకడం నా వృత్తి. ఈ సంగతి దాచి, ఒక కిట్టీ పార్టీలో మా ఆవిడ "మా ఆయన కెమిస్ట్రీలో గోల్డ్ మెడల్" అని ఒక ముక్క వదిలిందట. మెడల్ మాట కూడా అబద్ధమే, నాకు వచ్చింది రెండో ర్యాంకు. మార్చిలో తొట్టి నీళ్లు పచ్చబడగానే సొసైటీ సెక్రటరీ నా తలుపు కొట్టాడు.

సెక్రటరీ ఏదో మంత్రిత్వ శాఖలో రిటైరైన పెద్దాయన. ఉద్యోగం పోయినా ఫైలు పిచ్చి పోలేదు. మా మాటలన్నీ హిందీలోనే జరిగేవి, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

"సర్, మీరు సైంటిస్టు. పానీ హరా క్యోఁ హో రహా హై? కమిటీకి ఒక సైంటిఫిక్ జవాబు కావాలి."

"నేను సైంటిస్టును కానండీ" అని అనాల్సింది. అనలేదు. ముప్ఫయ్యేళ్లుగా నన్నెవరూ ఆ మాట అనలేదు మరి. తలకి కొమ్ములు మొలవడానికి అంతకంటే ఏం కావాలి? "ఫాస్ఫేటు చూడాలి" అన్నాను గంభీరంగా. ఆయన ఆ మాట వెంటనే డైరీలో రాసుకున్నాడు.

మాట మాత్రం నిజమే. నీళ్లు పచ్చబడేది నాచు వల్ల. పొలానికి ఎరువు ఎలాగో నాచుకి ఫాస్ఫేటు అలాగ. చేపల మేతలో, రాలిన ఆకుల్లో, చేపల విసర్జనలో, తోట ఎరువుల్లో అన్నిట్లోనూ అది ఉంటుంది. ఎక్కువైతే ఎండాకాలంలో నాచు ఎగబడి పెరుగుతుంది. పగలంతా బాగానే ఉంటుంది కానీ, తెల్లవారేసరికి నీళ్లలో ప్రాణవాయువంతా అదే పీల్చేస్తుంది. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఈ మాత్రం ఇంటర్నెట్‌లో పది నిమిషాల్లో దొరుకుతుంది. మా సొసైటీకి మాత్రం నా నోటి గుండా వస్తే సైన్సు అయింది.

కిట్టు ఒకటి తెప్పించాను. ఒక గాజు గొట్టం, రెండు చిన్న సీసాలు, ఒక రంగుల కార్డు. గొట్టంలో గీత దాకా తొట్టి నీళ్లు పోసి, మొదటి సీసాలోంచి ఆరు చుక్కలు, రెండో దాంట్లోంచి ఆరు చుక్కలు వేసి, మూత పెట్టి ఊపి, అయిదు నిమిషాలు ఆగాలి. ఫాస్ఫేటు ఉంటే నీళ్లు నీలంగా మారతాయి. ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫేటు. గొట్టాన్ని కార్డు పక్కన పెట్టి ఏ రంగుకి దగ్గరగా ఉందో చూసుకోవాలి. ఎల్‌కేజీ పిల్లలు చేయగలిగిన పని. నేను మాత్రం దానికోసం చదువుకునే కళ్లద్దాలు మార్చుకుని, చేతికి తొడుగులు వేసుకుని, ఆదివారం పొద్దున్నే అందరూ వాకింగ్ చేసే వేళ చూసుకుని మరీ దిగేవాణ్ణి.

ఆ అయిదు నిమిషాల్లోనే మాలీతో స్నేహం కుదిరింది. ఆయనకి అరవై దాటి ఉంటాయి. బుందేల్‌ఖండ్ వైపు పల్లెటూరు. తోట పనికి ఒక ఏజెన్సీ తరఫున వచ్చాడు గానీ, చేపలు వేలెడంత ఉన్నప్పటి నుంచీ తొట్టి బాగోగులు కూడా ఆయనవే. ఏ చేప ఎక్కడ దాక్కుంటుందో, ఏది మేత దగ్గర దౌర్జన్యం చేస్తుందో అన్నీ తెలుసు. చదువు రాదు. నేను చుక్కలు వేసి కూర్చుంటే పక్కన గట్టు మీద కూర్చుని, తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చేవాడు. రంగు రాకముందే "ఈసారి ఇంకా ముదురుతుంది సాబ్" అనేవాడు. అలాగే ముదిరేది. ఎలా తెలిసిందంటే నవ్వి, "నీళ్లు చేతికి జిడ్డుగా తగులుతున్నాయి" అనేవాడు. ఆ మాట నేను రాసుకోలేదు. జిడ్డుకి కార్డులో గడి లేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆయనే అన్నాడు. "సాబ్, చెబితే ఏమనుకోరు కదా? బాల్టీల నీళ్లు పోయడం మొదలయ్యాకే ఇలా అవుతోంది."

నాకు చురుక్కుమంది. ఎందుకంటే ఆ బాల్టీల పథకం నాదే. అంతకు ముందు వేసవిలో నీళ్ల కటకట వచ్చింది. మా ఇళ్లల్లో ఆర్వో మిషన్లు ఒక బిందె మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు బిందెలు పారబోస్తాయి. ఆ పారే నీళ్లు వృథా చెయ్యకుండా ప్రతి ఇంటివాళ్లూ కిందికి పంపితే, టవరుకో నీలం డ్రమ్ము పెట్టి, అందులోంచి తొట్టి నింపుదామని వాట్సాప్ గ్రూపులో నేనే ప్రతిపాదించాను. గ్రూపంతా బొటనవేళ్లు లేచాయి. గేటు దగ్గర 'జలమిత్ర సొసైటీ' అని పచ్చటి బోర్డు లేచింది. సెక్రటరీ నన్ను బోర్డు కింద నిలబెట్టి ఫోటో తీయించాడు. ఈ ప్రాంతంలో నాకు దక్కిన ఏకైక కీర్తి అది. దాని మీద ఒక మాలీ వేలు పెడితే ఊరుకుంటానా?

అయినా సైన్సు మనిషిని కాబట్టి న్యాయంగా ఉండాలనుకున్నాను. అప్పుడే పైనుంచి దిగిన బాల్టీలోంచి నీళ్లు పట్టి, ఆయన కళ్లెదుటే చుక్కలు వేశాను. అయిదు నిమిషాలు ఆగాం. నీళ్లు దాదాపు తెల్లగానే ఉన్నాయి, ఉందా లేదా అన్నట్టు కాస్త నీలం.

"చూశావా?" అన్నాను.

"అచ్ఛా సాబ్" అన్నాడు. ఆయన నమ్మలేదని ముఖం చెబుతోంది. నేను నమ్మాను. నమ్మడానికి నాకు బోలెడు కారణాలున్నాయి, వాటిలో ఒకటి ఫోటో.

మే నెలాఖర్లో ఒక పొద్దున నాలుగు చేపలు తేలాయి. గ్రూపులో గగ్గోలు. ఒకాయన పోస్టుమార్టం చేయించమన్నాడు. ఒకావిడ తన మనవరాలు అన్నం మానేసిందని రాసింది. ఆ మనవరాలు ఆ సాయంత్రం పిజ్జా డబ్బాతో లిఫ్టులో నాకు కనబడింది, అది వేరే సంగతి. సెక్రటరీ నాకు ఫోన్ చేసి, "సర్, రెండ్రోజుల్లో రిపోర్టు. బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండాలి" అన్నాడు. కారణం ఏమిటో స్పష్టంగా ఉండాలని ఆయన అనలేదు. టెండర్ల కాగితాల్లో ముప్ఫయ్యేళ్లు పండిన నాకు ఆ తేడా తెలియదని అనుకోకండి.

కూర్చుని అనుమానితుల జాబితా వేశాను. మొదటిది గోధుమపిండి ఉండలు. ఇక్కడ జాతకంలో రాహువో శనో తిప్పలు పెడుతుంటే చేపలకి గోధుమపిండి ఉండలు వెయ్యమని జ్యోతిష్కులు చెబుతారు. మా సొసైటీలో ఆ సేవ శనివారం శనివారం నిష్ఠగా చేసేది సాక్షాత్తూ సెక్రటరీ భార్యే. నూట ఎనిమిది ఉండలు. చేపలు తిన్నంత తిని తప్పుకునేవి. మిగిలినవి అడుక్కి చేరి పులిసేవి. అదంతా నాచుకి విందే. 'మతపరమైన మేత' అని ఒక వాక్యం రాశాను. చదువుకుని చూసుకున్నాను. కొట్టేశాను. ఎవరూ కొట్టెయ్యమని అడగలేదు. నా చేతికి ఆ బుద్ధి దానంతట అదే పుట్టింది.

రెండోది బాల్టీల నీళ్లు. దానికి పరీక్ష అయిపోయింది, నిర్దోషి. పైగా నాది.

మూడోది తోట ఎరువు. ఇక్కడ నాకు ఆధారం కూడా దొరికింది. మాలీ సామాను గదిలో డీఏపీ అని పెద్ద అక్షరాలున్న ప్లాస్టిక్ బస్తా ఒకటి ఉంది. డీఏపీలో ఫాస్ఫేటు ఉంటుందని రైతు బిడ్డకి ఎవరికైనా తెలుసు. ఆ బస్తాని రెండు వైపుల నుంచీ ఫోటో తీశాను. దాంట్లో ఎరువు లేదనీ, ఎండుటాకులే ఉన్నాయనీ ఫోటోలో తెలియదు. నేను రాయలేదు.

రిపోర్టు నాలుగు పేజీలొచ్చింది. గ్రాఫు పెట్టాను. నీలం ఎలా ముదిరిందో వారం వారం లెక్క పెట్టాను. 'తోట సిబ్బంది పచ్చికకు వాడిన రసాయన ఎరువు వాన నీటితో తొట్టిలోకి చేరడం బహుశా కారణం' అని ముగించి, కింద సంతకం, దాని పక్కన ఎమ్మెస్సీ. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఇందిరాపురంలో వాన ఎన్నిసార్లు పడిందని నన్నెవరూ అడగలేదు. చాలా బాగుందన్నారు. గ్రాఫు రంగులు ఎవరు వేశారని అడిగారు.

కమిటీ తీర్మానం వారంలో వచ్చింది. జూన్ నెలాఖరుకి మాలీని ఏజెన్సీకి తిప్పి పంపాలి, ఆ చివరి ఆదివారం జనరల్ బాడీలో కొత్త మనిషిని ఖాయం చెయ్యాలి. చేపల్ని చంపినవాడని చెప్పి తిప్పి పంపితే ఏజెన్సీ ఇంకోచోట పెట్టదు. ఇది నాకు తెలుసు. తెలియదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన మా టవరు కింద నా కోసం కాచుకుని ఉన్నాడు. గొడవ పడలేదు, గొంతు కూడా పెంచలేదు.

"సాబ్, నేను డీఏపీ వెయ్యలేదు. ఆ బస్తా మా ఊర్నుంచి గోధుమలు తెచ్చుకున్నది. ఇప్పుడు ఆకులు మోస్తున్నా. పచ్చికకి పేడ తప్ప నేనేం వెయ్యను, మీరు చూశారు కదా."

"నేను బహుశా అనే రాశాను" అన్నాను.

ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. "చూశారు కదా, సాబ్?" అని ఇంకోసారి నా ముఖంలోకి చూశాడు. ఆఫీసు క్యాబు వచ్చింది. నేనెక్కి వెళ్లిపోయాను. ఆ పూట నేను ఎంత గొప్ప మనిషిలా ప్రవర్తించానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

జూన్‌లో మేనకోడలి పెళ్లికని కాకినాడ వెళ్లి మూడు వారాలకి తిరిగొచ్చాం. ఇల్లు తెరవగానే వంటింటి బాల్కనీలో ఉన్న మా ఆర్వో నీళ్ల డ్రమ్ము కంపు కొట్టింది. వెళ్లేరోజు కిందికి పంపడం మరిచిపోయి నిండుగా వదిలేశాం. అంచు చుట్టూ నాచు పట్టి ఉంది. మా ఆవిడ దాన్ని చూసి నన్ను చూసింది. "జలమిత్రా, ముందు మన జలం సంగతి చూడండి" అంది.

దాన్ని పారబోద్దామనుకునేలోపే ఆర్వో సర్వీసు మనిషి వచ్చాడు. ఫిల్టర్లు మార్చి, చివర్లో జేబులోంచి పొట్లం తీసి, తెల్లటి గాజు గోళీల్లాంటివి ఒక గుప్పెడు ఫిల్టరు గొట్టంలో పోశాడు. ఇన్నేళ్లలో అతను ఆ పని ఎన్నిసార్లు చేశాడో, నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఎందుకో అడిగాను.

"అవేంటి భయ్యా?"

"యాంటీస్కేలెంట్ బాల్ సర్. మీ బోరు నీళ్లు ఖారా కదా, ఉప్పు పేరుకుని మెంబ్రేన్ గట్టిపడిపోకుండా. మెల్లగా కరుగుతాయి. అందరిళ్లల్లోనూ వేస్తాం."

"దేంతో చేస్తారు?"

"ఫాస్ఫేట్ కీ గోలీ హై, సర్."

నా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో తర్వాత చాలాసేపు దొరకలేదు. "మరి అది తాగే నీళ్లలోకి వస్తుందా?" అని అడిగాను.

"అరే నహీఁ సర్. మెంబ్రేన్ ఆపేస్తుంది. అంతా వేస్ట్ నీళ్లలోనే పోతుంది" అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

అతను వెళ్లగానే కిట్టు తీశాను. అప్పుడే కారుతున్న వేస్టు నీళ్లు గొట్టంలో పట్టి చుక్కలు వేశాను. తెల్లగానే ఉంది. చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. చూశావా, మన పరీక్ష తప్పు కాదు అనుకున్నాను. గొట్టం కడిగి లోపల పెట్టేసేవాణ్ణే. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ కంపు డ్రమ్ములోది కూడా చూడండి. తొట్టిలో నీళ్లు తాజావేం కాదుగా?" అంది. ఆవిడ చదివింది బీకాం.

డ్రమ్ములోంచి పట్టి చుక్కలు వేశాను. అయిదు నిమిషాలు కూడా అక్కర్లేకపోయింది. గొట్టం సిరాబుడ్డి అయిపోయింది. కార్డులో చివరి గడి దానిముందు వెలవెలబోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఎమ్మెస్సీ. ఆ గోళీల్లో ఉండే ఫాస్ఫేటు విడివిడిగా ఉండదు, పూసల దండలా ఒకదానికొకటి గుచ్చుకుని ఉంటుంది. నా కిట్టు విడి పూసల్నే లెక్కపెడుతుంది, దండ దాని కంటికి ఆనదు. నీళ్లు నిలవ ఉండి, అందులో నాచూ సూక్ష్మజీవులూ చేరితే దండ తెగి పూసలు విడిపోతాయి. తాజా బాల్టీలో నేను చూసింది తెల్లటి నీళ్లు. తొట్టిలో చేపలు ఈదింది తెగిన పూసల్లో. ప్రతి ఇంటి ఆర్వో గోళీల సారం మొత్తాన్ని, రోజూ, డ్రమ్ములు పెట్టించి, బోర్డు కట్టించి మరీ నేనే తొట్టిలో పోయించాను. ఇది పరీక్షల్లో వచ్చే ప్రశ్నే. అప్పట్లో దీనికి నాకు పూర్తి మార్కులు వచ్చే ఉంటాయి.

"ఇప్పుడేం చేస్తారు?" అంది మా ఆవిడ.

"ఇంకా కొన్ని నమూనాలు చూడాలి. ఒక్క డ్రమ్ముతో..."

"ఏమండీ." ఆవిడ గొంతు మారింది. "ఆ పెద్దాయన ఆదివారంతో వెళ్లిపోతున్నాడు. ఇవాళ గురువారం. ఆలోపు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మా అమ్మాయి తన గదిలోంచి "డాడీ, జస్ట్ సే సారీ నా, ఇత్నా క్యా హై" అంది. ఇరవై ఏళ్ల వయసులో అంత తేలిక. యాభై నాలుగులో, సొసైటీ గేటుకి తన కీర్తి బోర్డు వేలాడుతున్నప్పుడు, మూడు రోజులు అన్నం సయించదు.

ఆదివారం పదకొండింటికి క్లబ్‌హౌస్‌లో జనరల్ బాడీ. సమోసాలు ముందే వచ్చాయి, అందుకే కోరం కూడా వచ్చింది. మాలీని పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టారు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు, నాకప్పుడు తోచలేదు.

నా వంతు రాగానే రెండు గొట్టాలు పైకెత్తి చూపించాను. ఒకటి తెలుపు, ఒకటి ముదురు నీలం. గోళీలు, దండ, పూసలు అన్నీ చెప్పాను. రెండు నిమిషాలయ్యేసరికి ముందు వరస సమోసా చట్నీ గురించి మాట్లాడుకుంటోంది. అప్పుడు గొంతు పెంచి హిందీలో అన్నాను: "నా రిపోర్టు తప్పు. మాలీ ఏ ఎరువూ వెయ్యలేదు. ఆ బస్తాలో ఎరువు లేదని నాకు తెలిసీ ఫోటో పెట్టాను. నీళ్లు పాడవడానికి కారణం నా బాల్టీల పథకం. చేపల్ని చంపింది నేను."

ముందు వరస చట్నీ మాట ఆపి నా వైపు తిరిగింది. పశ్చాత్తాపం పనిచేసిందనుకున్నాను. వెనక నుంచి ఒకాయన లేచాడు.

"అంటే మా ఇంట్లో ఆర్వో నీళ్లు విషమా?"

అంతే. పావుగంట సేపు హాలు దద్దరిల్లింది. తాగే నీళ్లలోకి రాదని, చేపలకైనా అది విషం కాదని, అది నాచుకి తిండి మాత్రమేనని నాలుగుసార్లు చెప్పాను. ఎవరో అప్పటికే ఆర్వో కంపెనీకి ఫోన్ కలిపారు. సెక్రటరీ దిగులు వేరు. నా చెవి దగ్గర వంగి, "సర్, ఇది మినిట్స్‌లో రాస్తే గేటు బోర్డు తీసెయ్యాల్సి వస్తుంది" అన్నాడు. అంత ఊపులో ఉన్నాను కదా, పిండి ఉండల మాట కూడా అనేశాను. సెక్రటరీ భార్య నా వైపు చూసిన చూపుకి రాహువే జడుసుకుంటాడు. ఆ శనివారం నుంచి ఉండలు నూట ఎనిమిది నుంచి ఇరవై ఒకటికి తగ్గాయి. అది నా జీవితంలో సాధించిన పెద్ద సంస్కరణ.

చివరికి తేలిందేమిటంటే, డ్రమ్ముల నీళ్లు తొట్టికి కాకుండా పార్కింగ్ కడగడానికి వాడాలి, బోర్డు ఉండాలి. మాలీ విషయానికొస్తే, ఏజెన్సీ పంపుతానన్న కొత్త మనిషి వారానికి ఒకరోజు సెలవు అడుగుతున్నాడట. "తో ఫిర్ పురానా హీ ఠీక్ హై" అన్నాడు సెక్రటరీ, అయితే పాతవాడే నయమని. చేతులు లేచాయి. మాలీ నిర్దోషి అన్న మాట మినిట్స్‌లో ఎక్కడా లేదు. ఆయనకి ఉద్యోగం మిగిలింది. అందరూ సమోసాల మీద పడ్డారు.

బయట ఆయన్ని పట్టుకుని, "మాఫ్ కర్ దీజియే" అన్నాను.

"అరే సాబ్, కోయీ బాత్ నహీఁ" అని తలవంచి నమస్కారం పెట్టాడు.

నా బరువంతా దిగిపోయింది. ఆ మధ్యాహ్నం రెండు పూటల భోజనం ఒకేసారి చేశాను. నిజం ఒప్పుకుని, ఒక మనిషిని కాపాడిన మనిషి ఎలా నిద్రపోతాడో అలా నిద్రపోయాను. ముంచింది నేనేనన్న చిన్న వివరం ఆ నిద్రకి అడ్డం రాలేదు.

తొట్టిని బాగుచేసింది మాత్రం ఆయనే. వారానికింత చొప్పున పాత నీళ్లు తోడి మొక్కలకి పెట్టి, సరఫరా నీళ్లు నింపాడు. అడుగున పులిసిన బురద వలతో ఎత్తాడు. మెట్టతామర దుంపలు ప్లాస్టిక్ బుట్టల్లో పెట్టి, వేళ్లు నీళ్లలో మునిగేలా గట్టు పొడుగునా అమర్చాడు. అవి ఫాస్ఫేటుని లాగేస్తాయని నేను పుస్తకం చూసి చెప్పేలోపే ఆ పని అయిపోయింది. ఆగస్టు వచ్చేసరికి మెట్టతామరలు ఎర్రగా పూశాయి. నా గొట్టంలో నీలం వారం వారం పలచబడింది. దసరాకి అడుగున గులకరాళ్లు కనబడ్డాయి.

ఆదివారాలు నేను వెళుతూనే ఉన్నాను. అంతా మునుపటిలాగే ఉంటుందనుకున్నాను. కానీ నేను కనబడగానే ఆయన లేచి నిలబడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. రంగు ఎలా వస్తుందో ముందే చెప్పడం మానేశాడు. నేనే అడిగితే "ఆప్ హీ బతాయియే, సాబ్" అని చెప్పే పని నాకే వదిలేసేవాడు. ఫ్లాస్కు గట్టు మీదే ఉండేది, మూత తెరిచేవాడు కాదు. ఆ అయిదు నిమిషాలూ ఇద్దరం నిలబడి గొట్టం వైపు చూసేవాళ్లం.

జులైలో ఒకసారి రంగు కాస్త తగ్గిందని చెప్పగానే, "సాబ్, అది కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారా?" అన్నాడు. మురిసిపోయాను. తన కష్టానికి సర్టిఫికెట్ కావాలేమో పాపం అనుకుని, డైరీలో కాగితం చింపి ఇంగ్లీషులో రాసిచ్చాను. మళ్లీ ఆదివారం అడిగాడు. ఆ మళ్లీ ఆదివారం కూడా. మడతపెట్టి చొక్కా లోపల ఒక ప్లాస్టిక్ కవర్లో దాచుకునేవాడు. నా చేతిరాతకి ఇంత గౌరవం ఎక్కడా దక్కలేదని మా ఆవిడతో జోకు కూడా వేశాను. ఆవిడ నవ్వలేదు.

దసరా వెళ్లాక ఒక ఆదివారం అడిగేశాను. "నీళ్లు బాగైపోయాయి కదా. నేను ప్రతిసారీ గ్రూపులో పెడుతూనే ఉన్నాను. ఇంకా ఈ కాగితాలెందుకు?"

ఆయన కోపంగా చెప్పలేదు. తోట సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"గ్రూపులో నేను లేను సాబ్. రేపు మళ్లీ నాలుగు చేపలు చస్తే మీరేం రాస్తారో నాకు తెలీదు. ఇవుంటే, అప్పటిదాకా నీళ్లు బాగున్నాయని మీ చేత్తో మీరే రాసింది నా దగ్గర ఉంటుంది."

ఇన్ని వారాలుగా ఆయన ఆ కాగితాలు దాచుకుంటున్నది నా నుంచి తనని కాపాడుకోవడానికి. ఏడుపొచ్చింది, సిగ్గేసింది. ఇందులో ఆయన తప్పు వెతకబోయినా దొరకలేదు.

గొట్టంలో ఆ రోజు రంగే రాలేదు. కాగితం తీసి రాయబోయాను. "సాబ్, ఈసారి హిందీలో రాయండి" అన్నాడు. నాకొచ్చిన హిందీలో, తప్పుల్లేకుండా, తేదీ వేసి, నీళ్లు బాగున్నాయనీ, మాలీ పని బాగుందనీ రాసి పూర్తి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన అది కవర్లో పెట్టుకోలేదు. రెండు చేతుల్తో పట్టుకుని గేటు దగ్గరికి నడిచి గార్డుకి ఇచ్చాడు. నేను చూస్తున్నానని ఆయనకి తెలుసు. గార్డు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించి, సరిగ్గానే ఉందని తలూపాక, ఆయన కాగితం మడిచి కవర్లో పెట్టుకుని పనిలోకి వెళ్లాడు.